రేసు టైర్లతో ఆఫీసుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నాది ఫ్రంట్ వీల్ డ్రైవ్ టర్బో పెట్రోల్ కారు. డ్రాగ్ రేసుల్లో (తిన్నని ట్రాక్ మీద కొద్ది దూరం దూసుకెళ్లే పోటీల్లో) పాల్గొనాలని ఉంది. బరువు తగ్గుతుందని కంపెనీ ఇచ్చిన 16 అంగుళాల చక్రాలు తీసేసి 15 అంగుళాల ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా లోహాన్ని గట్టిగా నొక్కి చేసిన) అలాయ్ రిమ్‌లు, ముందు చక్రాలకు స్లిక్ టైర్లు వేయించాను. రిమ్ ఒక్కోటి 6 కిలోలని షాపువాళ్లు బిల్లు మీద రాసిచ్చారు. ఇంటికొచ్చి తూస్తే 9 కిలోల పైనే ఉంది. ఇవే చక్రాలతో రోజూ ఆఫీసుకు వెళ్తే పోలీసులు కేసు రాస్తారా? ఇన్సూరెన్స్ సంగతేమిటి? నా డబ్బు వెనక్కి వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: ముందు స్లిక్ టైర్లు తీసేసి కంపెనీ చక్రాలు వేయించుకోండి. మిగతా విషయాలు ఆ తర్వాత నిదానంగా చూసుకోవచ్చు.

స్లిక్ టైరుకు గాట్లు ఉండవు. పొడి ట్రాక్ మీద రబ్బరు మొత్తం నేలను పట్టుకోవాలని అలా తయారు చేస్తారు. వాన పడితే చక్రం కింద చేరిన నీళ్లు పక్కకు పోవడానికి దారి ఉండదు, కారు జారిపోతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వ రూలు ప్రకారం కారు టైరు గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంటే స్లిక్ కొత్తదైనా సరే, రోడ్డెక్కిన రోజే నిబంధనకు విరుద్ధం. టైరు పక్కభాగం ఒకసారి చదవండి. చాలా స్లిక్‌ల మీద పోటీలకు మాత్రమే, రోడ్డు మీద వాడరాదు అని తయారీదారే అచ్చు వేస్తాడు. ప్రమాదం జరిగి కేసు కోర్టుకు వస్తే అవతలి లాయరు చూపించే మొదటి ఫొటో అదే.

రిమ్‌ల విషయం కాస్త వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన సెక్షన్ 182ఎ(4) ప్రకారం, చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అయితే రిమ్ మార్చిన ప్రతివాడూ నేరం చేసినట్టేనని నేను అనను. మీ మోడల్‌లోనే ఇంకో వేరియంట్‌కు 15 అంగుళాల చక్రాలు కంపెనీయే ఇచ్చి ఉంటే, టైరు సైజు కూడా అదే అయితే, మీ వాదనకు బలం ఉంటుంది. డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ మీదా ఓనర్స్ మాన్యువల్‌లోనూ ఏయే సైజులు ఇచ్చారో చూడండి. అందులో లేని సైజు వేసి, చక్రం ఫెండర్ (చక్రం పైన కప్పు ఉండే బాడీ భాగం) బయటికి వచ్చిందంటే వాదించడం కష్టం.

ఇన్సూరెన్స్ దగ్గర ఇంకా పెద్ద చిక్కు ఉంది. మీ పాలసీలో ‘వాడకంపై పరిమితులు’ అనే భాగం తీసి చదవండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ మినహాయింపుల్లో కనిపిస్తాయి. అది ఊరికే పెట్టిన షరతు అనుకోవద్దు. థర్డ్ పార్టీ (ప్రమాదంలో నష్టపోయిన అవతలివాళ్ల) క్లెయిమ్‌లో బీమా కంపెనీ లేవనెత్తగల వాదనలను లెక్కపెట్టి ఇచ్చిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150లోనే ఈ షరతు పేరు ఉంది. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ దయతలిచి బాధితులకు ముందు కంపెనీనే కట్టమన్నా, ఆ సొమ్ము తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోమనే అవకాశం ఉంది. నష్టపరిహారం లక్షల్లో ఉంటే ఇల్లూ జీతమూ దాని కిందకు వస్తాయి. రేసు చేయకుండా మామూలుగా ఆఫీసుకు వెళ్తున్నప్పుడు గుద్దుకున్నా, సర్వేయర్ రిపోర్టులో ‘ముందు టైర్లు స్లిక్’ అన్న ఒక్క వాక్యంతో మీ సొంత కారు క్లెయిమ్ కూడా ఆగిపోవచ్చు.

ఇక రేసు ఎక్కడ చేయాలన్నది. రాత్రి ఒంటిగంటకు ఓఆర్‌ఆర్ మీద స్నేహితుడితో పందెం వేసుకోవాలన్న ఆలోచన ఏ మూలన్నా ఉంటే ఇప్పుడే వదిలేయండి. రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో రేసు చేస్తే సెక్షన్ 189 కింద 3 నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగింది కదా అని కొందరు అడుగుతారు. అది ప్రభుత్వమే ముందుండి, రోడ్లు మూయించి, బ్యారికేడ్లు కట్టించి జరిపించిన పోటీ. మీరు ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటారు రేసింగ్‌ను నడిపించే సమాఖ్య) గుర్తింపు ఉన్న పోటీల్లో లైసెన్స్ తీసుకుని దిగండి. అక్కడికి కంపెనీ చక్రాలతోనే వెళ్లండి. రేసు చక్రాలను డిక్కీలో వేసుకుని ట్రాక్‌లో మార్చుకుని, వచ్చేటప్పుడు మళ్లీ పాతవి బిగించుకోండి. జాకీతో అరగంట పని. నిబద్ధతగా రేసింగ్ చేసేవాళ్లు చేసేది ఇదే.

డబ్బు విషయంలో మీకు మంచి కేసు ఉంది. బరువు బిల్లు మీద రాసి ఇచ్చారు కాబట్టి నోటి మాట అన్న సమస్య లేదు. ఇంటి కాటా మీద తూసింది చాలదు. టైరు, వాల్వ్ తీసేసి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా మీద నాలుగు రిమ్‌లనూ విడివిడిగా తూయించి రసీదు తీసుకోండి. రిమ్ లోపలి వైపు సైజు, ఆఫ్‌సెట్ (రిమ్ మధ్య గీత నుంచి బిగించే భాగం ఎంత పక్కకు ఉందో చెప్పే అంకె), లోడ్ రేటింగ్ (రిమ్ మోయగల గరిష్ఠ బరువు), తయారీదారు గుర్తు ఏమున్నాయో ఫొటోలు తీయండి. 6 కిలోలన్నది వేరే సైజుదని షాపువాళ్లు తప్పించుకోబోతే ఆ ఫొటోలు అడ్డం వస్తాయి. తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. స్పందించకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. రిమ్ నిజంగా ఫోర్జ్‌డా, మామూలు పోత రిమ్మా తేల్చడానికి ల్యాబ్‌కు పంపమని కమిషన్‌ను కోరండి. చట్టంలో ఆ వీలుంది. బిల్లు కింద ‘రోడ్డు వాడకానికి కాదు’ అని చిన్న అక్షరాల్లో ఉంటే, రోడ్డు మీద పనికిరాలేదన్న కారణం చెప్పకండి. బరువు, తయారీ పద్ధతి మీదే నిలబడండి. రేసు వ్యాపారం కోసం కొన్నారని వాళ్లు అనవచ్చు. సొంత సరదా కోసం కొన్నవాడు వినియోగదారుడే.

కేసు తేలేదాకా ఆ రిమ్‌లను అమ్మకండి, రంగు వేయించకండి. రేసులోనూ వాడకండి. చెప్పిన బరువు తప్పయినప్పుడు చెప్పిన బలం నిజమని నమ్మడానికి ఆధారం లేదు. ఒక్కో రిమ్ లోడ్ రేటింగ్, ముందు యాక్సిల్‌కు కంపెనీ అనుమతించిన గరిష్ఠ బరువులో సగానికి తక్కువ కాకూడదు. ఆ అంకె రిమ్ మీద ఎక్కడా లేకపోతే, ఆ సంగతి కూడా ఫిర్యాదులో రాయండి.