బిల్లు లేని కెమెరాకు బీమా: మేనల్లుడికి ఒక ఉత్తరం

బిడ్డా,

అత్తమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేసి నీ సంగతంతా చెప్పాడు. పెళ్లి ఫోటోలు తీసే నీ పని కోసం, కరీంనగర్‌లో స్టూడియో మూసేస్తున్న ఒకాయన దగ్గర కెనాన్ 5డీ మార్క్ ఫోర్ కెమెరా బాడీ, 24-70 లెన్సు కొన్నావట. మీ గురువుగారు తన పాత 70-200 లెన్సు కూడా నీకే ఇచ్చేశారట. చాలా సంతోషం. ఇన్సూరెన్స్ చేయిద్దామని పోతే ఏజెంటు బిల్లులు అడిగాడని, లేవంటే "తెలిసిన షాపులో పాత తేదీతో కొట్టించుకొస్తా, ఏం కాదు" అన్నాడని కూడా విన్నాను. నువ్వు దానికి తల ఊపకముందే ఈ ఉత్తరం నీకు అందాలని కూర్చుని రాస్తున్నాను.

ఆ బిల్లు తీసుకోకు. ఎంత చనువున్నవాడు చెప్పినా తీసుకోకు.

నేను బీమా కంపెనీ క్లెయిమ్స్ విభాగంలో ఉన్నప్పుడు ఒక నికాన్ డీ750 ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. ఫంక్షన్ హాల్లో దొంగతనం. ఎఫ్ఐఆర్ ఉంది. హాలు సీసీ కెమెరాలో ఒకడు బ్యాగు భుజాన వేసుకుని వెనక గేటు నుంచి వెళ్లిపోవడం కూడా కనిపిస్తోంది. ఆ అబ్బాయి జతపరచిన బిల్లు మీద తేదీ 2016 నవంబరు. షాపు పేరు కింద పదిహేను అంకెలు, అక్షరాల జీఎస్టీ నంబరు. జీఎస్టీ మొదలైందే 2017 జూలై 1న. నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు ఆ నంబరు కింద పెన్సిలుతో ఒక గీత గీసి ఫైలు పైకి పంపాడు. కెమెరా ఉన్న మాట నిజం, పోయిన మాట నిజం, ప్రీమియం కట్టిన మాటా నిజమే. అబద్ధం ఆ ఒక్క కాగితంలోనే ఉంది. కానీ తప్పుడు పత్రం పెట్టి క్లెయిమ్ చేస్తే పాలసీ కింద ఏమీ రాదన్న షరతు దాదాపు ప్రతి పాలసీలోనూ ఉంటుంది. అతనికి రూపాయి రాలేదు. ఎదురుగా కూర్చుని ఏడ్చిన ఆ పిల్లవాడికి నేనేమీ చేయలేకపోయాను.

బిల్లు లేని వస్తువుకు బీమా చేయకూడదని చట్టం ఎక్కడా అనలేదు. ఆ వస్తువు పోతే నష్టపోయేది నువ్వేనా, కాదా అన్నదే బీమాకు ముఖ్యం. కంపెనీ బిల్లు అడిగేది మూడు సంగతులు తేల్చుకోవడానికి: వస్తువు ఉందా, అది నీదేనా, ఎంత చేస్తుంది. ఈ మూడింటికీ బిల్లు సులువైన జవాబు, అంతే. అది లేనప్పుడు వేరే కాగితాలతో ఈ మూడూ చూపించాలి. ఆ పని క్లెయిమ్ నాడు కాదు, పాలసీ తీసుకునే ముందే చేయాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ మాటలోనే ఉంది.

ముందు "నీదేనా" అన్నది చూద్దాం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం అమ్మేవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. దొంగ సరుకు తెలియక కొన్నా అది నీది కాదు, దానికి బీమా కూడా నిలవదు. పోయిన ఫోన్లకైతే ప్రభుత్వ పోర్టల్‌లో ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) కొట్టి చూసుకోవచ్చు, కెమెరాలకు ఆ సౌకర్యం లేదు. అందుకని కరీంనగర్ ఆయన్ని ఒక సాయం అడుగు. ఆ కెమెరాతో రెండు మూడేళ్ల కింద తీసిన పెళ్లి ఫోటో ఒకటి, అసలు ఫైలు, ఆయన హార్డ్ డిస్కులోంచి ఇమ్మను. కెనాన్ ఫైల్లో తీసిన తేదీతో పాటు బాడీ సీరియల్ నంబరు కూడా దాగి ఉంటుంది. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంలో వేస్తే బయటపడుతుంది. ఆ నంబరు, నీ కెమెరా అడుగున ఉన్న నంబరు ఒకటే అయితే, అప్పటికే అది ఆయన చేతిలో ఉందనడానికి సాక్ష్యం దొరికినట్టే. వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపిస్తే మాత్రం ఈ వివరాలన్నీ చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమను, లేదా పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్లు. ఆయన దగ్గర పాత డబ్బా, వారంటీ కార్డు ఉంటే అవీ అడుగు.

తరువాత ఆయన చేత ఒక అమ్మకపు పత్రం రాయించు. స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయిస్తే మరీ మంచిది. ఎలా రాయాలో చెబుతాను, ఇంచుమించు ఇలాగే ఉండాలి:

"నేను, ఫలానా వారి కుమారుడు ఫలానా, కరీంనగర్ నివాసిని, నా సొంతమైన కెనాన్ 5డీ మార్క్ ఫోర్ కెమెరా బాడీని (సీరియల్ నంబరు ఫలానా), కెనాన్ ఈఎఫ్ 24-70 లెన్సును (సీరియల్ నంబరు ఫలానా) ఫలానా తేదీన ఫలానా వారికి ఇంత మొత్తానికి అమ్మాను. అందులో ఇంత యూపీఐ ద్వారా, ఇంత నగదుగా నాకు ముట్టింది. వీటి అసలు బిల్లులు నా వద్ద లేవు. వీటి మీద ఎవరికీ బాకీ లేదు, హామీగా పెట్టలేదు. ఈ పత్రం ఈ రోజు, ఫలానా తేదీన రాసి ఇస్తున్నాను."

చివరి వాక్యం చూశావా? అమ్మకం జరిగింది ఎప్పుడో, పత్రం రాసింది ఈ రోజు. రెండు తేదీలూ ఉన్నవి ఉన్నట్టు ఉండాలి. పత్రానికి పాత తేదీ వేస్తే ఇదీ దొంగ బిల్లు లాంటిదే అవుతుంది. "అసలు బిల్లులు లేవు" అన్న మాట కూడా దాచకుండా రాయించు, ముందే ఒప్పుకున్నదాన్ని తరువాత ఎవరూ నీ మీదికి ఆయుధంగా తిప్పలేరు. ఆయన ఆధార్ కాపీలో మొదటి ఎనిమిది అంకెలు కొట్టేసి జతచేయి. నువ్వు యూపీఐలో పంపిన డబ్బు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనబడేలా ఆ పేజీ కూడా తీసి పెట్టు. నగదుగా ఇచ్చిన దానికి సాక్ష్యం ఈ పత్రమే. గురువుగారి 70-200 కి డబ్బు చేతులు మారలేదు కాబట్టి ఆయన చేత "ప్రేమతో ఇచ్చాను" అని సీరియల్ నంబరుతో ఒక ఉత్తరం చాలు.

ఇక వస్తువు ఉందని చూపించడం. దీనికి నాకు బాగా నమ్మకమున్న దారి సర్వీస్ సెంటర్. బాడీని, రెండు లెన్సులను కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి క్లీనింగ్, చెకప్ చేయించు. వాళ్లిచ్చే జాబ్ షీట్ మీద నీ పేరు, తేదీ, ఒక్కో వస్తువు మోడలు, సీరియల్ నంబరు ఉండేలా కౌంటర్ దగ్గరే నిలబడి చూసుకో. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో ఆ లెక్క), వస్తువు పరిస్థితి కూడా రాసివ్వమని అడుగు. డబ్బు కట్టిన రశీదు జాగ్రత్త. నీతో గానీ అమ్మినాయనతో గానీ సంబంధం లేని మూడో మనిషి ఇచ్చిన కాగితం కాబట్టి సర్వేయరు దీనికి విలువిస్తాడు. పైగా బీమా మొదలయ్యే నాటికి కెమెరా బాగానే ఉందని కూడా తేలుతుంది. లేకపోతే రేపు సెన్సర్ దెబ్బతిన్నప్పుడు "ఇది పాత దెబ్బ" అనే మాట వస్తుంది.

ఇంటి దగ్గర పగటి వెలుతురులో ఒక్కో వస్తువునూ నాలుగు వైపులా ఫోటోలు తీసి, సీరియల్ నంబరు చదవగలిగేలా దగ్గర నుంచి ఒకటి తియ్యి. నాకంటే నీకే బాగా వచ్చిన పని. అన్నీ నీ మెయిల్‌కు నువ్వే ఒకసారి పంపుకో, తేదీ పడి ఉంటుంది.

విలువ సంగతి కాస్త నెమ్మదిగా చదువు, పాత సామాను కొన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నువ్వు ఎంతకు కొన్నావో అంతకే బీమా చేస్తే చాలనుకుంటావు. అది పాలసీ రకాన్ని బట్టి ఉంటుంది. ఆల్ రిస్క్ పాలసీల్లో, అంటే మినహాయింపులు పోగా మిగతా నష్టాలన్నిటికీ వర్తించేవాటిలో, సాధారణంగా మార్కెట్ విలువ చూస్తారు. ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీల్లో మాత్రం బీమా మొత్తం కొత్త వస్తువు ధరకు సమానంగా ఉండాలనే షరతు మామూలుగా ఉంటుంది. కొత్తగా తేవాలంటే మూడు లక్షలయ్యే సామానుకు, రెండు లక్షలకు కొన్నానని రెండు లక్షలకే బీమా చేశావనుకో. ఒక పెళ్లిలో లెన్సు కింద పడి రిపేరు అరవై వేలు అయింది. కంపెనీ నిన్ను మూడోవంతు తక్కువ బీమా చేసినవాడిగా లెక్కగట్టి నలభై వేలే ఇస్తుంది, అందులో నీ వాటా కింద కొంత కోత కూడా పడుతుంది. మోసం కాదు, అది పాలసీలో రాసి ఉన్న షరతే. కాబట్టి "విలువ దేని మీద కడతారు, మార్కెట్ ధరా, కొత్త ధరా?" అని రాతపూర్వకంగా అడుగు. నీ మోడళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో రెండు మూడు షాపుల దగ్గర సెకండ్ హ్యాండ్ కొటేషన్లు లెటర్‌హెడ్ మీద తీసుకో, మార్కెట్ విలువకు అవి ఆధారం. కంపెనీ ఇంకా గట్టి కాగితం కావాలంటే లైసెన్స్ ఉన్న సర్వేయరు చేత విలువ కట్టించవచ్చు, కొంత ఫీజు అవుతుంది.

ఇవన్నీ ఒక పీడీఎఫ్‌గా చేసి, ఏజెంటు చేతికి కాకుండా కంపెనీ బ్రాంచి అధికారిక మెయిల్‌కు నువ్వే పంపు. ఏజెంటుకు కాపీ పెట్టు. మెయిల్‌లో ఉండాల్సింది ఇదే: ఇవి సెకండ్ హ్యాండ్‌వి, అసలు బిల్లులు లేవు, యాజమాన్యానికీ విలువకూ ఈ పత్రాలు జతచేస్తున్నాను, వీటిని అంగీకరించి పాలసీ ఇస్తారా, క్లెయిమ్ వస్తే ఇంకేమైనా కావాలా, తెలియజేయండి. జవాబు వచ్చేదాకా ఓపిక పట్టు. "నోటిమాటగా సరే అన్నారు" అనేది క్లెయిమ్ ఫైల్లో ఎక్కడా కనబడదు. ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీని అడుగు, నిరాశపడకు.

ఈ ముందు మెయిల్ మీద నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో విను. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సాధారణ బీమా మీద ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో, పత్రాలు లేవన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదనీ, కావలసిన పత్రాలన్నీ పాలసీ ఇచ్చేటప్పుడే అడగాలనీ ఉంది. మా రోజుల్లో ఇలాంటి మాట ఉంటే ఎంతమంది బాగుపడేవారో. నువ్వు అన్నీ ముందే చూపించి, వాళ్లు చూసి పాలసీ ఇస్తే, రేపు "బిల్లేది?" అని అడిగే చోటే ఉండదు.

ప్రపోజల్ ఫారంలో (బీమా దరఖాస్తులో) పెళ్లిళ్లు తీస్తానని, ఇది నీ వృత్తి అని స్పష్టంగా రాయి. ప్రీమియం తక్కువని సొంత వాడకం అని రాస్తే ఆ పాలసీ నీకు అక్కరకు రాదు. ఇంటి బీమాలో కలిపేద్దామని అన్నయ్య అన్నాడు. వృత్తికి వాడే సామాను అందులో సాధారణంగా చేరదు, వద్దని చెప్పాను. ఇంకోటి, ప్రీమియం కంపెనీకి చేరాకే రక్షణ మొదలవుతుంది. బీమా చట్టంలో 64వీబీ సెక్షన్ అదే చెబుతుంది. ఏజెంటు చేతిలో నగదు పెట్టి ఆ సాయంత్రమే పెళ్లికి వెళ్లకు, ఆన్‌లైన్‌లో కంపెనీకే కట్టి రశీదు చూసుకో.

పాలసీలో మినహాయింపుల పేజీ తెరిచి, కారు గురించి ఏముందో వెతుకు. మనిషి లేని బండిలోంచి పోతే ఇవ్వకపోవడం, లేదా తాళం పగలగొట్టిన గుర్తులు ఉంటేనే ఇవ్వడం చాలా పాలసీల్లో ఉంటుంది. పెళ్లి అయ్యాక అర్ధరాత్రి దారిలో టీ కోసం ఆగినప్పుడు మీరంతా దిగిపోతారు కదా, బ్యాగులు వెనక సీట్లో ఉంటాయి. ఒకరైనా బండిలో ఉండండి. నువ్వు నమ్మి అప్పగించిన అసిస్టెంటే పట్టుకుపోతే అది దొంగతనం కింద రాదని కూడా చాలా పాలసీలు అంటాయి. సీజన్‌లో ఒకరి లెన్సు ఒకరు తీసుకోవడం మీలో మామూలే గానీ, బీమా ఉన్నది నీ చేతిలో ఉన్నప్పటికే అనుకో. ఎక్కడ పోయిందో, ఎలా పోయిందో తెలియని వస్తువుకు డబ్బు రావడం కూడా కష్టం.

ఏదైనా జరగకూడనిది జరిగితే ఆ రోజే కంపెనీకి మెయిల్ చేయి, ఆ రోజే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వు. పెళ్లి వేరే ఊళ్లో అయినా దగ్గర ఉన్న ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వవచ్చు. ఫిర్యాదులో సీరియల్ నంబర్లు మూడూ ఉండాలి. అవి ఫోన్‌లోనే పెట్టుకుంటే ఫోను కూడా ఆ బ్యాగులోనే పోవచ్చు, వదిన దగ్గర ఒక కాగితం ఉంచు. కంపెనీ అన్యాయంగా కాదంటే ముందు వాళ్ల గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి రాయి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్ లక్డీకాపూల్‌లో, బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, యాభై లక్షల దాకా వింటారు. ఏడాది దాటనివ్వకు. అక్కడికి నేను కూడా వస్తాను.

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు ఇదంతా పూర్తికావాలి. రేపే కరీంనగర్ ఆయనకు ఫోన్ చేయి, ఆయన స్టూడియో ఖాళీ చేసి ఊరు వదిలాడంటే సంతకం కోసం తిరగాల్సి వస్తుంది. పత్రం చిత్తుప్రతి రాసుకుని, స్టాంపు కాగితం మీదికి ఎక్కించే ముందు నాకు పంపు. పాలసీ వచ్చాక వస్తువుల వివరాలుండే షెడ్యూల్ పేజీ కూడా పంపు. సీరియల్ నంబర్లలో సున్నాకు బదులు ఓ పడిందేమో, అంకెలు అటూ ఇటూ అయ్యాయేమో నేను ఒక్కొక్కటే సరిచూస్తాను. తప్పుంటే ఆ వారంలోనే ఎండార్స్‌మెంట్ (పాలసీలో సవరణ) అడిగి దిద్దించుకుందాం.

అత్తమ్మ