మూడు నాడెల పని

బరంపురం

చిరంజీవి అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

బర్‌గఢ్‌లో చేనేత డిప్లొమా పూర్తికాగానే తిరిగి వచ్చి, మన పాత ఇంట్లో రెండు గుంట మగ్గాలు వేయించి, వీధి పిల్లలకు నేత నేర్పాలని నీవు తలపెట్టినట్లు మీ అమ్మ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఎంత కలిగిందో బెంగ కూడా అంతే కలిగింది.

ముందు గుంటల సంగతి. వసారాలో తవ్వించకు. లోపలి గదిలో జానెడు ఎత్తున అరుగు కట్టించి, గుంట గోడలకు సిమెంటు చేయించు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మన గుంటలో మోకాలి లోతు నీరు నిలిచి, మగ్గం మీద నిలువుగా బిగించి ఉన్న మూడు చీరల పడుగు పోగుల రంగు దిగిపోయింది. వాన జోరుగా కురిస్తే ఇప్పటికీ అర్ధరాత్రి లేచి నేల తడిమి చూస్తాను.

పట్టు ఉడికిస్తే జిగురు పోయి నాలుగో వంతు దాకా తూకం తగ్గుతుందని లెక్క వేసుకుని కొను. చేయి కుదిరేదాకా పిల్లలకు నూలే ఇవ్వు.

ఇక మీ అమ్మ విషయం. ఇది నీకెన్నడూ చెప్పలేదు.

గుడి గోపురంలా మెట్లు మెట్లుగా లేచే మన కుంభాల అంచు మూడు నాడెల పని. పేకను, అంటే అడ్డపోగును, అటూ ఇటూ దాటించేదే నాడె. నడిమి నేతకు ఒకటి, అంచులకు రెండు. నడిమి పేక, అంచు పేక ఒకదానినొకటి మెలివేసుకుని వెనక్కి తిరగాలి. నేను గుంటలో కూర్చుంటే, బడి నుంచి వచ్చాక అవతలి అంచు నాడె మీ అమ్మ అందుకునేది. నేను తెలుగులో లెక్కపెడితే, తను బళ్ళో నేర్చిన ఒడియాలో "ఎకొ, దుయి, తిని" అంటూ కుంభం మెట్లు ఎక్కించేది, దించేది. ఐదేళ్ళు అలా కూర్చున్నా, తనను ఒక్కనాడు గుంటలోకి దిగనివ్వలేదు. ఆడపిల్లకు నేర్పితే పనితనం అత్తవారింటికి పోతుందని నా భయం. రెండేళ్ళకొకసారి బుఢీ ఠాకురాణి అమ్మవారిని దేశిబెహరా వీధికి ఆడపడుచుగా, పుట్టింటికి తెచ్చుకుని మొక్కే నేతవాళ్ళం మనం. నేను మాత్రం కన్నకూతురికి ఆ చోటు ఇవ్వలేదు. నేర్పినదంతా మీ మామయ్యకే, అదీ మొట్టికాయలతో. వాడు ఇరవై ఏళ్ళకే సూరత్ మరమగ్గాలకు వెళ్ళిపోయాడు.

ఒకసారి నేను వారం రోజులు జ్వరంతో పడుకుని లేచి చూస్తే, మగ్గం మీద జానెడు కొత్త నేత కనిపించింది. మీ అమ్మమ్మను అవతల కూర్చోబెట్టుకుని మీ అమ్మ నేసింది. అంచు కింద వేలు పెట్టి తడిమాను. ఎక్కడా పోగు తప్పలేదు. కుంభం కొస నేను తీసే కొస కన్నా సన్నగా వచ్చింది. అది తెలిసి కూడా, ఒక్క మాట అనకుండా కత్తెరతో పేక కోసి, ఆ జానెడూ విప్పేసి, మళ్ళీ నేనే నేశాను. తను గుమ్మంలో నిలబడి చూసింది. మరునాడు కూడా నాడె అందుకోవడానికి వచ్చింది గానీ, లెక్క పైకి చెప్పడం మానేసింది.

2019-20 చేనేత గణనలో దేశంలోని 35 లక్షల పైచిలుకు చేనేత పనివారిలో పదింట ఏడుగురు ఆడవారేనని నీవు చదివి వినిపించిన రోజున నేను ఎందుకు లేచి వెళ్ళిపోయానో ఇప్పుడు నీకు తెలిసి ఉంటుంది.

అందుకని, తల్లీ, ఆడపిల్లలను కండెల దగ్గరే కూర్చోబెట్టి ఊరుకోకు. మగపిల్లల చేత కూడా కండెలు చుట్టించు. పిల్లలు నేసింది తప్పయినా కోయకు. దాని పక్కనే నీవు నాలుగు వేళ్ళు నేసి చూపించు. నేర్చుకునే రోజుల్లోనే ఎంతో కొంత కూలి చేతిలో పెట్టు. మీ మామయ్యకు నేనొక్క రూపాయి ఇవ్వలేదు. పొద్దస్తమానం గుంటలో కూర్చుని నడుము పాడుచేసుకుంటే మాత్రం నేను ఊరుకోను. వేళకు తిను.

మొదటి పడుగు ఎక్కించిన రోజు మీ అమ్మను గుంటలో కూర్చోబెట్టు. ఒప్పుకోకపోతే నేను అడిగానని చెప్పు. అవతలి అంచు నాడె నేను అందుకుంటాను. కుంభం కొస నా కంటికి ఆనదు, తను లెక్క పైకి చెబితే చాలు.

ఆశీస్సులతో,
తాతయ్య