డూమ్‌కి కొత్త ఎపిసోడ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అన్నా, మా బాబాయికి ఒకప్పుడు నెట్ సెంటర్ ఉండేది, అక్కడి పాత సిస్టమ్ ఒకటి ఇంకా మా ఇంట్లో నడుస్తోంది. దాన్లో అల్టిమేట్ డూమ్ నాలుగు ఎపిసోడ్లూ అయిపోగొట్టేశా. ఆరో ఎపిసోడ్ కూడా వచ్చిందని మా ఫ్రెండ్ అంటున్నాడు. ముప్పై ఏళ్లనాటి గేమ్‌కి ఇప్పుడెవరు చేస్తారన్నా? డబ్బులు కట్టాలా? (పాలకొల్లు, డిగ్రీ స్టూడెంట్)

జవాబు: నిజమే తమ్ముడూ. రాక్షసుల్ని కాల్చుకుంటూ పోయే ఈ డూమ్ వచ్చింది 1993 డిసెంబర్ 10న. మొదటి ఎపిసోడ్ ఫ్రీగా పంచిపెట్టి, నచ్చితే మిగతా రెండూ కొనుక్కోమన్నారు, 1995లో అల్టిమేట్ డూమ్ అని నాలుగోది కలిపారు. ఆ తర్వాత చాలా ఏళ్లకి, 2019 మేలో, జాన్ రొమెరో సిజిల్ అని ఐదోది తెచ్చాడు. ఈయన ఎవరో కాదు, నువ్వు ఆడిన మొదటి ఎపిసోడ్‌లో చాలావరకు మ్యాపులు (మనం తిరుగుతూ ఆడే చోట్లు) గీసింది ఈయనే. గేమ్‌కి సరిగ్గా ముప్పై ఏళ్లు నిండిన రోజున, 2023 డిసెంబర్ 10న, సిజిల్ 2 వదిలాడు, మీ ఫ్రెండ్ చెప్పింది అదే. ఒక్కోదాంట్లో తొమ్మిదేసి మ్యాపులు. రెండూ ఫ్రీయే. డబ్బులు కట్టేది వేరే మ్యూజిక్ కావాలంటేనే, సిజిల్‌కి బకెట్‌హెడ్ అనే గిటారిస్టు మ్యూజిక్ ఉన్న వెర్షన్ ఒకటి అమ్మారు. ఫ్రీగా ఇచ్చేదాంట్లో జేమ్స్ పాడక్ చేసిన మిడి మ్యూజిక్ (కంప్యూటరే వాయించేది) ఉంటది, అది కూడా ఏమాత్రం తక్కువది కాదు, నేనైతే దాంతోనే ఆడమంటా.

ఇప్పుడెవరు చేస్తారు అన్నావు చూడు, దానికి కారణం ఆ గేమ్ కట్టిన పద్ధతిలోనే ఉంది. ఆట నడిపే ప్రోగ్రాం వేరు, మ్యాపులూ బొమ్మలూ సౌండ్లూ ఉండే వాడ్ ఫైల్ వేరు, మొదటిరోజు నుంచీ విడివిడిగానే పెట్టారు, అందుకే జనం సొంతంగా మ్యాపులు చేసి తగిలించుకోగలిగారు. 1997లో ప్రోగ్రాం సోర్స్ కోడ్ కూడా బయటికి ఇచ్చేశారు. ఆ రెండూ జరక్కపోయుంటే ఇవాళ నీ సిస్టమ్‌లో ఈ గేమ్ తెరుచుకునేదే కాదేమో. 2024 ఆగస్టులో డూమ్, డూమ్ 2 కలిపి మళ్ళీ రిలీజ్ చేసినప్పుడు కూడా లెగసీ ఆఫ్ రస్ట్ అని కొత్తది ఇచ్చారు, దాంట్లో కొత్త తుపాకులు, కొత్త రాక్షసులు ఉన్నాయి.

నీ పాత సిస్టమ్‌కి, ఆ సోర్స్ కోడ్‌తో జనం చేసిన క్రిస్పీ డూమ్ అనే ప్రోగ్రాం కొత్త వెర్షన్ వేసి చూడు, తేలిగ్గా ఉంటది. నీ దగ్గరున్న డూమ్ వాడ్ ఫైల్, దించుకున్న సిజిల్ వాడ్ ఫైల్ రెండూ క్రిస్పీ డూమ్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టుకో. అసలు గేమ్ ఫైల్ లేకుండా సిజిల్ ఒక్కటే నడవదు, అది గుర్తుపెట్టుకో.

ప్రశ్న: నమస్తే అండీ. మావాడు ఏడో తరగతి. పరీక్షలయ్యాక ఈ సిజిల్ ఆడతానని గొడవ చేస్తున్నాడు. ఆడనివ్వొచ్చా? (అమలాపురం, గృహిణి)

జవాబు: ఇప్పుడే వద్దండీ. అమెరికాలో డూమ్‌కి పదిహేడేళ్లు దాటినవాళ్లకి అనే రేటింగ్ ఉంది. నరకం, రక్తం, మేక తల ఉన్న దెయ్యం బొమ్మలు, అన్నీ ఉంటాయి, సిజిల్ అయితే ఇంకా చీకటిగా ఉంటది. మీరే ఒక పావుగంట వీడియో చూడండి, అప్పుడు వాడితో మాట్లాడటం మీకూ తేలికవుతుంది. ఊరికే కాదంటే వేరేవాళ్ల ఇంట్లో ఆడతాడు కదండీ.

ప్రశ్న: బ్రో, సిజిల్ మొదటి మ్యాప్‌లోనే చచ్చిపోతున్నా. చీకటి, పక్కనే నిప్పు, తూటాలు చాలవు. ఇది గేమా శిక్షా? (రాజోలు)

జవాబు: రొమెరో కష్టంగానే చేశాడు బ్రో, కావాలనే. కథ ప్రకారం నాలుగో ఎపిసోడ్ అయ్యాక నువ్వు భూమికి వెళ్లాలి, బాఫొమెట్ అనే మేక తల దెయ్యం మధ్యలో దారి తప్పించి నరకంలో ఇంకా లోతుకి లాగేస్తాడు. ఆ నాలుగో ఎపిసోడ్‌లో రొమెరో చేసిన రెండు మ్యాపులు ఆడి ఉంటే ఆయన పద్ధతి నీకు తెలిసే ఉంటది, నిలబడ్డానికి కూడా చోటివ్వడు.

ముందు ఈగో పక్కన పెట్టి డిఫికల్టీ తగ్గించు, రాక్షసులు తగ్గుతారు, దారి తెలుస్తది. రెండోది, గోడల మీద కళ్లు కనపడతాయి చూడు, వాటిని కాల్చాలి, అవే స్విచ్చులు, చాలామంది అవి చూడకుండా దారి లేదని తిరుగుతూ ఉంటారు. మూడోది అన్నింటికంటే ముఖ్యం, తూటాలు నీవే ఖర్చుపెట్టకు, వాళ్లలో వాళ్లకి తగువు పెట్టు. ఇంప్ అనే రాక్షసుడు విసిరిన నిప్పుముద్ద ఇంకో ఇంప్‌కి తగిలితే ఏమీ అవ్వదు, అదే ఇంకో రకం రాక్షసి కాకోడెమన్‌కి తగిలిందనుకో అది నిన్ను వదిలేసి ఇంప్ మీదకి తిరుగుతది. కాబట్టి రెండు రకాలు ఎదురైనప్పుడు వెంటనే కాల్చకుండా వాటి మధ్య లైన్‌లోకి వచ్చి నిలబడి, అది విసరగానే పక్కకి జరుగు. తుపాకులు పట్టుకున్న జాంబీలైతే ఒకళ్లనొకళ్లు కూడా కాల్చేసుకుంటారు. మిగిలినవాణ్ణి షాట్‌గన్‌తో దగ్గరికెళ్లి కొట్టు, దూరం నుంచి కొడితే గుళ్లు చెదిరిపోయి సగం వృథా.

ప్రశ్న: సార్, సిజిల్ చూశాక నాకూ మ్యాప్ చేయాలనిపించింది. మా దగ్గర లొల్ల లాకులు ఉన్నాయి కదా, అవే చేస్తే ఎలా ఉంటది? కోడింగ్ రాదు. (ఆత్రేయపురం, ఐటీఐ)

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదేనయ్యా! కోడింగ్ అక్కర్లేదు. అల్టిమేట్ డూమ్ బిల్డర్ అని ఫ్రీ ఎడిటర్ ఉంది, గేమ్ కొనలేకపోతే ఫ్రీడూమ్ అని ఫ్రీగా దొరికే వాడ్ ఫైల్ పెట్టుకుని కూడా పని చేసుకోవచ్చు. పైనుంచి చూసిన ప్లాన్ లాగా గీతలు గీస్తావు, గీతలు కలిసి మూసుకున్న ప్రతి ముక్కకీ నేల ఎత్తు, పైకప్పు ఎత్తు, వెలుతురు సున్నా నుంచి 255 దాకా ఇస్తావు. గేమ్ కొలతల్లో మనిషి ఎత్తు 56, మెట్టు 24 దాటితే ఎక్కలేడు, ఈ రెండు అంకెలూ గట్టు మీద నుంచి కాలవలోకి దిగే మెట్లు పెట్టేటప్పుడు చూసుకో.

లాకు అన్నది డూమ్‌కి భలే కుదురుతది. అందులో నీళ్లంటే నేల మీద వేసిన కదిలే బొమ్మే, కాబట్టి రెండు తలుపుల మధ్య గదిని ఒక ముక్కగా గీసి, స్విచ్ నొక్కితే ఆ నేల పైకి లేచేలా పెట్టు, నీళ్లు నిండుతున్నట్టే ఉంటది, మీద నిలబడ్డవాడు కూడా లేస్తాడు, అటు తలుపు తెరిస్తే పై కాలవలోకి నడిచిపోతాడు. మన లాకు తలుపులు కీలు మీద తిరుగుతాయి, డూమ్ తలుపు మాత్రం పైకే లేస్తది, అక్కడ సర్దుకోవాలి. ఇంకోటి, వంతెన కుదరదు. పాత పద్ధతిలో ఒకే చోట కింద ఒకటి పైన ఒకటి రెండు నేలలు ఉండవు, అంటే వంతెన మీద నడవడం, కిందనుంచి వెళ్లడం రెండూ కావాలంటే జీజెడ్‌డూమ్ అని డూమ్ నడిపే ఇంకో ప్రోగ్రాంకి ప్రత్యేకంగా చేయాలి. మొదటి మ్యాప్‌కి ఆ జోలికి పోకు, వంతెన లేకుండా లాకు ఒక్కటి చెయ్యి.

రొమెరో కూడా సిజిల్‌కి ముందు 2016లో విడిగా రెండు మ్యాపులు చేసి చెయ్యి ఆడించుకున్నాడు. నువ్వు రెండు గదులు, ఒక లాకు, నాలుగు ఇంప్‌లతో మొదలుపెట్టు, ప్రతి మార్పుకీ ఒకసారి ఆడి చూసుకో, మొదట్లో ఇచ్చే చిన్న పిస్టల్ ఒక్కటితోనే గెలవగలుగుతున్నావో లేదో చూడు. అయ్యాక ఫైల్ పంపించు, ఆడి ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.