ఎకరాలు లెక్కపెట్టే ముందు

చి. వసుధకి,

అత్తయ్య ఆశీస్సులు.

పీహెచ్‌డీకి అమెరికాలోని చికసా ఆదివాసుల భూపంపిణీ తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. "ఎక్కడో ఓక్లహోమాలో ఎవరి పొలాల గొడవో దీనికెందుకు" అని ఇంట్లో సణుగుతున్నారట. సణగనీ. నాకైతే పొంగిపోయినట్టయింది, ఆ వెనకే గుబులూ పట్టుకుంది. చిన్నప్పుడు లెక్క చేసేసి, జవాబు పక్కన రూపాయలో కిలోలో రాయకుండానే ఆటకి పరిగెత్తేదానివి. ఆ అలవాటు ఇంకా ఉంటే ఈ పనిలో మునిగిపోతావు.

తేలికవి ముందు చెప్పేస్తాను. ఆదివాసుల ఉమ్మడి భూమిని మనిషికింతని పంచమన్న 1887 నాటి డాస్ చట్టాన్ని ఇక్కడికి లాగకు. అది చికసాలతో సహా "ఐదు జాతులు" అని పిలిచే వాళ్లని మినహాయించింది. వీళ్ల మీదికి వచ్చింది, పంపిణీకి ఒప్పించడానికి 1893లో వేసిన డాస్ కమిషన్. వరసలో చదవాల్సినవి మూడు: 1897 అటోకా ఒప్పందం, 1898 కర్టిస్ చట్టం, 1902 అనుబంధ ఒప్పందం. అటోకా ఒప్పందాన్ని చికసా ఓటర్లు మొదట తిరస్కరించారు. అదే ఒప్పందాన్ని అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, కర్టిస్ చట్టంలో చేర్చి, ఆ ఐదింటిలోనే మరో జాతి అయిన చాక్టాలనీ వీళ్లనీ కలిపి ఓటు వేయించి గట్టెక్కించింది. "చికసాలు ఒప్పుకున్నారు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావో, నీ చెవి మెలిపెడతాను.

అంతకుముందు భూమి జాతి ఉమ్మడి ఆస్తి. ఖాళీగా ఉన్న నేలని పౌరుడెవరైనా దున్నుకోవచ్చు, కంచె వేసుకోవచ్చు. కట్టుకున్నది అతనిది, నేల మాత్రం అందరిది. ఆ ఏర్పాటుకి 1856 రాజ్యాంగం ఉంది, టిషొమింగో రాజధానిగా గవర్నరు, రెండు సభలు, సుప్రీంకోర్టు, నాలుగు కౌంటీలు ఉన్నాయి. మొదటి గవర్నరు సైరస్ హారిస్. చట్టాలు రాసుకుని నడిచిన ప్రభుత్వం అది. దాన్ని "తెగ పెద్దల పంచాయితీ" అని రాయకు.

ఇక అసలు సంగతి. తలకి 320 ఎకరాలు ఇచ్చారని ప్రతి పుస్తకంలో కనిపిస్తుంది. కొత్తవాళ్లంతా తప్పటడుగు వేసేది అక్కడే. 1902 ఒప్పందంలో ఉన్నది "సగటు భూమి 320 ఎకరాలకి సమానమైన విలువ". ఎకరా 25 సెంట్ల నుంచి ఆరున్నర డాలర్ల దాకా తరగతులు కట్టి, సగటు తీసి, ఒక్కొక్కరి వాటా 1,041.28 డాలర్లుగా తేల్చారు. అందులో ఇల్లు, కంచెల విలువ కలపలేదు. ఫ్రీడ్‌మెన్‌కి, అంటే చికసాల దగ్గర బానిసలుగా ఉండి విడుదలైన నల్లజాతివాళ్లకీ వాళ్ల సంతతికీ, 40 ఎకరాల విలువే, 130.16 డాలర్లు.

కాగితం తీసి వేసి చూడు. ఒకాయన ఏటి ఒడ్డు నేల, ఎకరా 5 డాలర్లది, 120 ఎకరాలు పెట్టుకున్నాడనుకో. 600 అయిపోయింది. మిగిలిన 441.28కి రెండు డాలర్ల మెరక తీసుకుంటే 220.64 ఎకరాలు. మొత్తం 340.64. అంతా ఆరున్నర డాలర్ల నేలే కోరుకుంటే 160 దగ్గర ఆగిపోతాడు. అంతా పావు డాలరు రాళ్లగుట్ట అయితే 4,165 దాటుతుంది. ఇప్పుడు నువ్వు ఎకరాలు మాత్రమే కూడి పట్టిక వేశావనుకో, నూట అరవై ఎకరాలవాడు మోసపోయినట్టూ నాలుగువేల ఎకరాలవాడు జమీందారైనట్టూ కనిపిస్తుంది. కాగితం మీద ఇద్దరిదీ ఒకటే వాటా.

కాగితం మీద అని ఎందుకన్నానంటే, ఆ విలువ సాగుని చూసి కట్టింది. బొగ్గు, ఆస్ఫాల్టు జాతి పేరనే అట్టిపెట్టారు కానీ, చమురు ఎక్కడుందో ఎవరికి తెలుసు? 1913లో హీల్డ్‌టన్ దగ్గర చమురు పడ్డాక పాత తరగతుల అర్థమే మారిపోయింది. అందుకే పట్టికలో ఎకరాలు, తరగతి, కట్టిన విలువ, తర్వాత అమ్మిన ధర నాలుగూ విడివిడిగా పెట్టు. ఒక్క గడి ఎగ్గొట్టినా మొదటికొస్తావు.

హోమ్‌స్టెడ్‌ని, అంటే అమ్మకుండా కట్టడి చేసిన ఇంటి భూమిని, వాటాలో తక్కిన భూమి అయిన మిగులుతో కలపకు. వాటాలో సగం విలువ, 160 సగటు ఎకరాలది, హోమ్‌స్టెడ్. యజమాని బతికున్నంతకాలం, 21 ఏళ్లకి మించకుండా, అమ్మరాదు. మిగులులో పావు భాగం పట్టా వచ్చిన ఏడాదికి, ఇంకో పావు మూడేళ్లకి, తక్కింది ఐదేళ్లకి అమ్ముకోవచ్చు. 1908 మే 27 చట్టం దీన్ని తిరగరాసింది. ఇండియన్ రక్తం సగం కన్నా తక్కువని రాసి ఉన్నవాళ్లకీ, ఫ్రీడ్‌మెన్‌కీ, పెళ్లితో పౌరులైన తెల్లవాళ్లకీ హోమ్‌స్టెడ్‌తో సహా ఆంక్షలు ఎత్తేశారు. సగం నుంచి ముప్పావు లోపు ఉన్నవాళ్లకి మిగులు మీద మాత్రమే ఎత్తేశారు. ముప్పావు, ఆపైన ఉన్నవాళ్లకి 1931 దాకా ఉంచారు. రక్తం ఎంతో తేల్చడానికి రోల్‌లో, అంటే కమిషన్ తయారుచేసిన పౌరుల జాబితాలో, గుమాస్తా రాసినదే తుది సాక్ష్యం. మన ఏజెన్సీ 1/70 భూబదలాయింపు చట్టంతో పోల్చాలని నీ చెయ్యి దురదపెడుతుంది, నాకు తెలుసు. అక్కడ ఆంక్ష మనిషి రక్తం కొలతకి కట్టింది, ఇక్కడ ప్రాంతానికి కట్టింది. ఫుట్‌నోట్‌లో పెట్టుకుని ముందుకెళ్లు.

రోల్ నంబరూ కార్డు నంబరూ వేరు. పేర్లు నమోదు చేసిన కార్డు ఇంటికొకటి, రోల్ నంబరు మనిషికొకటి. "డి" అని ఉన్నవి సందేహాలు, "ఆర్" అని ఉన్నవి తిరస్కరించినవి, వాటినీ వదలకు. ఫ్రీడ్‌మెన్ కార్డు ముందువైపు ఒకప్పటి యజమాని పేరు ఉంటుంది, తల్లిదండ్రుల పేర్లు వెనకవైపు. ముందు పేజీ ఫోటో తీసుకుని వచ్చేస్తే సగం కుటుంబం పోయినట్టే. తండ్రి చికసా, తల్లి ఫ్రీడ్‌వుమన్ అయిన పిల్లల్ని తల్లి జాబితాలోకే తోశారు. రక్తం గడి ఉండదు. గడి లేదంటే రక్తం లేదని కాదమ్మా. ఆ పిల్లలకి 320 బదులు 40 దక్కింది అక్కడే.

నాకున్న పెద్ద భయం నీ చివరి అధ్యాయం గురించి. 1906తోనో, 1907 నవంబరు 16న ఓక్లహోమా రాష్ట్రం పుట్టడంతోనో ప్రభుత్వం అంతరించిందని రాస్తావేమోనని. 1906 ఏప్రిల్ 26 చట్టమే అది కొనసాగుతుందని చెప్పింది, చేతులు కట్టేసి మరీ. 1904లో ఎన్నికైన డగ్లస్ జాన్‌స్టన్ 1939లో పోయేదాకా గవర్నరే. తర్వాతి గవర్నర్లని అమెరికా అధ్యక్షుడి నియామకంతో కూర్చోబెట్టారు. 1970 చట్టం వచ్చాక, 1971లో ఓవర్టన్ జేమ్స్‌ని జనం ఎన్నుకున్నారు. 1983లో కొత్త రాజ్యాంగం. 2020లో అమెరికా సుప్రీంకోర్టు, ఆ ఐదు జాతుల్లోనే ఒకటైన మస్కోగీల కేసులో పట్టాలు పంచినంత మాత్రాన రిజర్వేషన్ సరిహద్దు చెరిగిపోదంది. 2021లో ఓక్లహోమా క్రిమినల్ అప్పీళ్ల కోర్టు అదే తర్కాన్ని చికసా నేలకీ వర్తింపజేసింది. ఏడా (Ada) అనే ఊళ్లో వాళ్ల ప్రభుత్వం ఈ రోజూ పనిచేస్తోంది. వెళ్లి కలువు, అనుమతి అడుగు, బతికున్నవాళ్ల గురించి "ఉండేవారు" అని రాయకు.

కార్డుల కోసం ఫోర్ట్ వర్త్‌లో నేషనల్ ఆర్కైవ్స్, జాతి దస్తావేజులకి ఓక్లహోమా సిటీలో హిస్టారికల్ సొసైటీ, సల్ఫర్ అనే ఊళ్లో వాళ్ల సొంత పరిశోధన కేంద్రం హొలిస్సో సెంటర్. మైనర్ల గార్డియన్ ఫైళ్లు మాత్రం కౌంటీ కోర్టుల్లో ఉంటాయి. పిల్లలకీ పూర్తి వాటా వచ్చింది కాబట్టి ఎక్కువ భూమి జారిపోయిన దారుల్లో అదొకటి, దానికి నెలలు కేటాయించు. పాత పాంటోటాక్ కౌంటీ, ఇప్పటి పాంటోటాక్ ఒకటి కావు. మ్యాపు పక్కన పెట్టుకుని కోర్టు ఎంచుకో. జనవరిలో మంచు గడ్డకట్టిన రోడ్ల మీద కారు తియ్యకు. ఫైలు ఎక్కడికీ పోదు, ఒక రోజు గదిలో కూర్చుని అన్నం వండుకుని తిను.

ఆశీస్సులతో,
అత్తయ్య