లాభం నా కష్టార్జితమైతే, అందులోంచి ప్రభుత్వం తీసుకునే పన్ను దోపిడీ కాదా?

ప్రశ్న కింద వివరణలో అడిగినవారు ఇంకో మాట కూడా రాశారు: "స్వేచ్ఛా మార్కెట్లో ఇద్దరూ ఇష్టపడి చేసుకున్న బేరంలో లాభం ఎంతైనా న్యాయమే, బలవంతంగా వసూలు చేసేది ఏదైనా అన్యాయమే" అని. ఇప్పటికే వచ్చిన జవాబుల్లో సగం మంది దీనికి చప్పట్లు కొట్టారు. మిగతా సగం మంది వ్యాపారులందరినీ దొంగలన్నారు. నేను హైదరాబాద్ రాణీగంజ్‌లో మోటార్లు, పంపుసెట్లు అమ్ముకునేవాణ్ణి. మా నాన్నగారి కాలం నుంచీ అదే దుకాణం. నాకు ఈ రెండు వర్గాలతోనూ పేచీ ఉంది.

ముందు లాభం సంగతి. కొనేవాడు ఇష్టపడి కొన్నాడా లేదా అన్నది తేల్చడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. నా ధర నచ్చకపోతే అతను నా మెట్లు దిగి పక్క దుకాణానికి వెళ్లగలడా? వెళ్లగలిగితే నేను తీసుకున్న లాభానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

మామూలు రోజుల్లో రాణీగంజ్‌లో అందరూ వెళ్లగలరు, వెళ్తారు కూడా. ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు (మోటారు, నీటి పంపు ఒకటిగా ఉండేది) కోసం వచ్చినాయన అప్పటికే మూడు దుకాణాలు తిరిగి ఉంటాడు. ఫోనులో ఆన్‌లైన్ ధర తెరిచి నా బల్ల మీద పెడతాడు. నేను పదివేలంటే "అక్కడ 9,800కే ఇస్తామన్నారు" అంటాడు. నిజంగా అన్నారో లేదో దేవుడికెరుక, వెళ్లిపోతాడేమోనన్న నా భయం మాత్రం నిజం. నా లాభాన్ని అదుపులో ఉంచేది ఆ భయమే, నా మంచితనం కాదు. పదివేల మోటారు నాకు 9,300కి పడుతుంది. మిగిలిన 700లోంచి అద్దె, కరెంటు బిల్లు, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు, హమాలీ, ట్రేడ్ లైసెన్సు, గణేశ్ చందా, బోనాల చందా పోవాలి. అరువు తీసుకెళ్లి ఆరునెలలైనా ముఖం చూపించని బోరు మేస్త్రీల ఖాతాలు వేరే. దీన్ని దోపిడీ అనేవారిని ఒక్క నెల నా గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాలని ఉంటుంది. వారం తిరక్కుండా పారిపోతారు.

అయితే మామూలు కాని రోజులు కూడా వస్తాయి.

2020 అక్టోబర్ 13న కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. నగరంలో ఒక్కరోజులో 19 సెంటీమీటర్లు పడింది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి షట్టర్ ముందు జనం నిలబడి ఉన్నారు. మోకాళ్ల దాకా తడిసి బురద పట్టిన ప్యాంట్లు, కొందరి కాళ్లకు చెప్పుల్లేవు. టోలీచౌకి నదీమ్ కాలనీ నుంచి, రామంతాపూర్ నుంచి వచ్చామన్నారు. ఆ కాలనీల్లో కరెంటు తీసేశారు కాబట్టి మామూలు మోటార్లు పనికిరావు. అందరికీ కావలసింది పెట్రోలుతో నడిచే రెండంగుళాల ఇంజను పంపు. అది పొలాల దగ్గర వాడే సరుకు. నగరంలో అడిగేవారు తక్కువ కాబట్టి నా దగ్గర నిల్వ కొద్దిగానే ఉంది.

అందరికంటే ముందున్న పెద్దాయన బ్యాంకులో చేసి రిటైరైన మనిషిలా ఉన్నారు. కుర్రాడు పెట్టె కిందికి దించేలోపే నోట్ల కట్ట బల్ల మీద పెట్టేశారు. ధర అడగలేదు. "బాబూ, ముందు దీన్ని ఎలా స్టార్ట్ చేయాలో చెప్పండి" అన్నారు. పంపులో ముందుగా నీళ్లు పోసి నింపాలి, లేకపోతే లాగదు అని చెప్పాను. "నీళ్లకేం కొదవలేదు" అన్నారు, నవ్వకుండా. సక్షన్ పైపు చివర జాలీకి ప్లాస్టిక్ కవర్లు అడ్డం పడతాయి, మధ్యమధ్యలో ఆపి కడగాలి. ఇంజనును సెల్లార్ లోపల పెట్టి నడపకూడదు, ఆ పొగకు ప్రాణం పోతుంది. ఇవన్నీ ఒక చీటీ వెనక రాసిచ్చాను. నా దుకాణంలో ధర అడగని గిరాకీని చూడటం అదే మొదలు.

ఆయన దగ్గర ఎప్పటిలాగే 13,000 తీసుకున్నాను. పెట్టె మీద ఎంఆర్‌పీ 21,000 అని ఉంది. ఈ ఎంఆర్‌పీల నాటకం గురించి విడిగా ఒక పెద్ద జవాబు రాయాలి. కంపెనీలు ఎవరూ అమ్మని ధర ఒకటి అచ్చేస్తాయి, అది దాటితే తప్ప తూనికలు కొలతల శాఖ మన జోలికి రాదు. అంటే ఆ పెద్దాయనను నేను 20,000 అడిగినా మారుమాట లేకుండా ఇచ్చేవారు, చట్టమూ నన్నేమీ అనేది కాదు.

మా వరసలోనే నాలుగు దుకాణాల అవతలాయన సరిగ్గా అదే చేశాడు. పొద్దుటి నుంచీ 20,000. మధ్యాహ్నానికి నా దగ్గర సరుకు అయిపోయింది, అతని దగ్గర సాయంత్రం దాకా రెండు మిగిలాయి. జనరేటర్ మునిగిపోయిందంటూ ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి ఆ రెండూ పట్టుకెళ్లారు. ఇటు నా దగ్గర "అపార్ట్‌మెంట్ వాళ్లందరి కోసం" అని నాలుగు తీసుకెళ్లిన యువకుడు వాటిని గంటకు 1,500 చొప్పున అద్దెకు తిప్పాడని తర్వాత తెలిసింది. ఈ రెండు సంగతులూ కలిపి మా పొరుగాయన ఇప్పటికీ చాయ్ దగ్గర ప్రవచనం చెబుతుంటాడు. "నీ దయ ఎవడి జేబులోకి పోయింది? నా ధర ఎవరిని ఆదుకుంది?" అని.

ఆర్థికశాస్త్రం చదివినవారు ఆయన పక్షానే నిలబడతారని నాకు తెలుసు. నేను నిలబడను. అవసరమున్నవాడికే సరుకు అందాలంటే మనిషికి ఒకటే అని చెబితే చాలు, ధరను ఒకటిన్నర రెట్లు చేయనక్కర్లేదు. రేషన్ డీలర్లకు పుట్టుకతో వచ్చే విద్య ఇది. మర్నాడు వచ్చిన లోడు నేను అలాగే అమ్మాను. ఆ బ్యాంకు పెద్దాయనకు ఆ పొద్దున నా మెట్లు దిగి వెళ్లే దారి లేదు, ఇంట్లో నీళ్లు మెట్టు మెట్టు ఎక్కుతున్నాయి. దాన్ని ఇద్దరూ ఇష్టపడి చేసుకున్న బేరం అంటే నాకు మింగుడుపడదు.

ఆ పంపులు తోడిన నీళ్లు ఎక్కడికి పోయాయో కూడా చెప్పాలి. మన ప్రశ్నలో రెండో సగం అక్కడే ఉంది.

ఆ వారంలోనే డెలివరీ పైపులు ఇవ్వడానికి టోలీచౌకి వైపు వెళ్లాను. వీధి పొడవునా ఇంజన్ల మోత, పెట్రోలు వాసన. ఈ సెల్లార్లోంచి నీళ్లు వీధిలోకి, వీధిలోంచి పక్కింటి సెల్లార్లోకి. పక్కింటివారు ఇంకా పెద్ద పంపు తెచ్చి తిరిగి వీధిలోకి. ఒకరు గేటుకు అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చుకున్నారు, ఆ నీళ్లు ఎదురింటి మీద పడ్డాయి. పైపు మూతి ఎటు తిప్పాలన్న దగ్గర ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పట్టుకునే దాకా వచ్చారు. అందరూ సొంత డబ్బుతో, సొంత తెలివితో, నా వంటివారి దగ్గర బేరమాడి కొన్న పంపులే అవి. కాలనీ మొత్తం మీద నీటిమట్టం అంగుళం తగ్గలేదు. ఆ నీళ్లు చేరవలసింది నాలాలోకి, అంటే వాననీటి కాలువలోకి. నాలా పూడిపోయింది, దాని ఒడ్డునా దాని మీదా ఇళ్లున్నాయి.

నాలాను ఎవరు అమ్ముతారు? లాభం వస్తుందంటే నేనే అమ్మేవాణ్ణి. కానీ డబ్బు కట్టని ఎదురింటాయన నీళ్లు కూడా అందులోంచే పోతాయి. అది తెలిశాక మొదటి రూపాయి తీసేవాడు ఎవడు? అందుకని అందరి దగ్గరా అడిగి, ఇవ్వనంటే బలవంతపెట్టి వసూలు చేయక తప్పదు. ఆ వరదల తర్వాత నాలాల కోసం ఎస్‌ఎన్‌డీపీ అని ప్రత్యేక కార్యక్రమం పెట్టారు. ఆ పనులు ఎంత నత్తనడకన సాగాయో కాలనీలవాళ్లను అడగండి. అయినా ఆ పని చేయవలసింది ప్రభుత్వమే, నా పంపులు కాదు.

ఈ నగరానికి ఇది కొత్త కూడా కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరిని ముంచేసిన తర్వాతే, విశ్వేశ్వరయ్యగారి సలహా మీద ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. కట్టింది నిజాం ఖజానా డబ్బుతో. ఖజానా అంటే రైతుల శిస్తు, నాకాల దగ్గర సరుకు ఆపి వసూలు చేసిన కరోడ్‌గిరీ సుంకం. మా తాతగారు ఆ నాకా వాళ్లను తిట్టని రోజు లేదని మా నాన్నగారు చెప్పేవారు. తిడుతూనే జీవితమంతా గండిపేట నీళ్లు తాగారు.

మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చుని అసలు ప్రభుత్వమే అక్కర్లేదని రాసేవారికి ఒక చిన్న మనవి. మీరంతా అక్కడికి చేరడానికి మూలమైన సైబర్ టవర్స్, 1998లో తెరిచింది, ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ భాగస్వామ్యంతో కట్టినదే. ఆ తర్వాత రాయండి.

ఇక పన్ను కట్టేవారి వైపు. పదివేల మోటారు మీద ఇప్పుడు 18 శాతం, అంటే 1,800 జీఎస్టీ తీసుకుంటాను. అది ఏ క్షణంలోనూ నా డబ్బు కాదు. నేను 9,300కి కొన్నప్పుడే డీలరుకు 1,674 ఇచ్చి ఉన్నాను, మిగతా 126 నెలనెలా కడతాను. ఈ లెక్క తెలియక జనం నన్నే తిడతారు. 2022 జూలై 18న నీటి పంపుల మీద 12 నుంచి 18 శాతానికి పెంచినప్పుడు ఆ ఆరు శాతం నేనే మింగినట్టు నెల రోజులు మాటలు పడ్డాను. దేశంలో అవినీతి గురించి బల్ల ముందు గంటసేపు ఉపన్యసించి, చివర్లో గొంతు తగ్గించి "బిల్లు లేకుండా ఎంతకిస్తారు సేట్?" అనే పెద్దమనుషులు రోజుకొకరైనా వస్తారు. కచ్చా చీటీ మీద అమ్మితే నేను ముందే ఇచ్చిన 1,674 నా నెత్తిన పడుతుంది. అలా పడకూడదంటే పైన డీలరు కూడా కచ్చా, ఆ పైవాడు కూడా కచ్చా కావాలి. ఒక్కడి కక్కుర్తి కోసం గొలుసంతా దొంగ కావాలి. వాళ్లు అడిగేది అదేనని వాళ్లకే తెలియదు.

మరి పన్ను వేసేవాడికి నా పరీక్ష పెడితే? నా గిరాకీ దిగి వెళ్లడానికి మెట్లున్నాయి. పన్ను కట్టేవాడికి పక్క దుకాణం లేదు, ఆ పెద్దాయనలాగే బల్ల ముందు ఇరుక్కుని ఉంటాడు. నేను వరద రోజున పాటించిన మర్యాద ప్రభుత్వం ఏడాది పొడవునా పాటించాలి. పాటిస్తుందా?

2019-20లో ఒక డీలరు దగ్గర ఐదు లక్షల సరుకు కొన్నాను. అప్పుడు 12 శాతం, అంటే 60,000 పన్ను. బిల్లుంది, సరుకు వచ్చిన లారీ రసీదుంది, మొత్తం బ్యాంకు ద్వారానే చెల్లించాను. ఆయన నా దగ్గర తీసుకున్న పన్ను ప్రభుత్వానికి కట్టకుండా దుకాణం ఎత్తేశాడు. 2024 వేసవిలో నాకు నోటీసు వచ్చింది. అమ్మినవాడు కట్టలేదు కాబట్టి నువ్వు తీసుకున్న క్రెడిట్ (కొన్నప్పుడు ఇచ్చిన పన్నును నువ్వు కట్టేదాంట్లోంచి తగ్గించుకోవడం) చెల్లదు, ఆ 60,000 నువ్వే కట్టు, ఏడాదికి 18 శాతం వడ్డీ కూడా కట్టు అని. నాలుగేళ్లకు వడ్డీయే 43,200. దొంగ చిరునామా పట్టుకోవడం కష్టం, నా బోర్డు మాత్రం రోడ్డు మీద కనబడుతూనే ఉంటుంది కదా. ముప్పై రోజుల్లో కడితే జరిమానా తప్పుతుందని మా ఆడిటర్ చెబితే, ఒకే పన్ను రెండోసారి, వడ్డీతో సహా కట్టేశాను.

ఆ ఏడాదే కేంద్రం ఒక మాఫీ తెచ్చింది. 2017-18 నుంచి 2019-20 వరకు ఇలాంటి నోటీసులు వచ్చినవారు అసలు పన్నును 2025 మార్చి 31లోగా కడితే వడ్డీ, జరిమానా రద్దు. ముందే కట్టేసినవారికి? వాపసు లేదని చట్టంలోనే స్పష్టంగా రాశారు. మా వీధిలో ఇలాంటి నోటీసునే సొరుగులో పడేసి తాళం వేసుకున్నాయనకు వడ్డీ మొత్తం పోయింది. ఆయన నాకు మిఠాయి కూడా పంపించాడు.

కాబట్టి అడిగినవారికి నా జవాబు: పన్ను దోపిడీ కాదు, నా 43,200 మాత్రం దోపిడీయే. ఎవరైనా చిన్న వ్యాపారులు ఇది చదువుతుంటే ఒక పని చేయండి. ప్రతి నెలా 14వ తేదీ దాటాక జీఎస్‌టీఆర్-2బీ (మీకు అమ్మినవాళ్లు ప్రభుత్వానికి చూపించిన బిల్లుల జాబితా) తెరిచి మీ కొనుగోళ్లతో సరిచూసుకోండి. ఏ డీలరు బిల్లయినా అందులో కనబడకపోతే, కనబడే దాకా పన్ను భాగం ఆపి సరుకు ధర వరకే ఇవ్వండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను. ఇద్దరు డీలర్లు నాకు అరువు ఇవ్వడం మానేశారు, ఒకాయన మాట్లాడటం కూడా మానేశాడు.