చిన్న ఛానల్‌కి తక్కువ ఖర్చులో ఆటోమేటిక్ క్యాప్షన్లు: ముందు సౌండ్ సంగతి చూడండి

వాలంటీర్లతో నడిచే కమ్యూనిటీ టీవీకి, గంటల లెక్కన డబ్బు కట్టకుండా ఆటోమేటిక్ క్యాప్షన్లు పెట్టుకోవచ్చా అని అడిగారు. పెట్టుకోవచ్చు. అలాంటి ఛానల్లోనే కొన్నాళ్లుగా ఆ పని చూస్తున్నాను. కాకపోతే లైవ్‌నీ రికార్డింగ్‌నీ ఒకే గాటన కట్టకండి.

రికార్డింగ్‌లకి మేం వాడేది విస్పర్, మాటల్ని విని అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్. ఓపెన్‌ఏఐ 2022లో ఓపెన్ సోర్స్‌గా వదిలింది. దాని విస్పర్ డాట్ సీపీపీ వెర్షన్‌కి గ్రాఫిక్స్ కార్డు కూడా అక్కర్లేదు. రాత్రి పనికి పెట్టి ఇంటికెళ్తే పొద్దున్నకి ఎస్ఆర్‌టీ ఫైలు (ఏ మాట ఎప్పుడు తెర మీద పడాలో రాసి ఉండే క్యాప్షన్ ఫైలు) ఉంటుంది. దాన్ని సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో దిద్దుతాం, అదీ ఉచితమే. అసలు ఖర్చంతా దిద్దే మనిషి టైమే.

ఆ టైమ్ తగ్గాలంటే సౌండ్ బాగుండాలి. మొదట్లో కెమెరా మైక్‌తోనే సరిపెట్టాం. ఒక మీటింగ్‌లో అందరూ టీకి లేచారు, రికార్డింగ్ ఆగలేదు. ఖాళీ హాల్లో ఫ్యాన్ చప్పుడు మీద ‘థాంక్యూ ఫర్ వాచింగ్’ అని వరసగా పదకొండు సార్లు పడింది! ఎవరూ మాట్లాడకపోతే విస్పర్ ఇలా సొంత కవిత్వం మొదలెడుతుంది. మాట లేని చోట్లను ముందే వదిలేసే వీఏడీ ఆప్షన్ ఆన్ చేశాక చాలావరకు తగ్గింది. మైకులన్నీ కలిసే మిక్సర్ నుంచి నేరుగా లైన్ తీసుకున్నాక దిద్దే పని సగానికి సగం పోయింది. మాట్లాడేవాళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు విస్పర్‌కి ముందుగా ఇచ్చే ప్రాంప్ట్‌లో రాసిపెడితే స్పెల్లింగ్‌లూ బాగుపడతాయి. ‘లేదు’, ‘కాదు’ లాంటివి మాత్రం కచ్చితంగా చెవితో విని సరిచూడండి. ఒక్క అక్షరంతో తీర్మానం తలకిందులవుతుంది.

వెబ్‌కి ఎస్ఆర్‌టీ చాలు. కేబుల్ వాళ్లు 608 ఫార్మాట్ (టీవీ సిగ్నల్‌లోనే క్యాప్షన్లు పంపే పాత పద్ధతి) అడిగితే వరుసకి 32 అక్షరాలే పడతాయి, అదీ ఇంగ్లీషు లిపిలో. తెలుగు లిపికి అందులో చోటు లేదు కాబట్టి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో టూల్‌తో వీడియో మీదే అచ్చు వేసుకోవాలి. పైగా తెలుగు మాటలకి విస్పర్ తప్పులు ఎక్కువ చేస్తుంది, దానికి టైమ్ వేరే కేటాయించుకోండి.

లైవ్‌కి, క్యాప్షన్లని సిగ్నల్‌లో కలిపే ఎన్‌కోడర్ బాక్సూ, నెలనెలా చందా కూడా కావాలంటే మేం వెనక్కి తగ్గాం. మర్నాటి పునఃప్రసారంలో దిద్దిన క్యాప్షన్లు వేస్తున్నాం. మీ దగ్గర లైవ్‌కి కూడా తప్పనిసరి అనే రూల్ ఉంటే ఈ దారి కుదరదు. ఏదైనా కొనేముందు మీ ప్లేఅవుట్ సర్వర్ (ప్రోగ్రాముల్ని ప్రసారానికి పంపే కంప్యూటర్) విడి క్యాప్షన్ ఫైలు తీసుకుంటుందో లేదో కనుక్కోండి. మేం అది చివర్లో అడిగి నాలుగు వారాలు పోగొట్టుకున్నాం.