బెర్లిన్‌ల తిరుగుడు: టికెట్ ముందు, సైకిల్ తర్వాత

జర్మనీ చదువుల మీద పోయిన నెల రాసినంక మీరు పంపిన ఉత్తరాలల్ల చానా వరకు బెర్లిన్‌ల ఎట్ల తిరగాలె అన్నదే ఉన్నది. ఆ ఊర్ల నేను కొన్నేండ్లు ఉన్న, తెలిసిన కాడికి చెప్తున్న.

ప్రశ్న: అక్కా, అక్టోబర్ల మాస్టర్స్‌కు బెర్లిన్ పోతున్న. అక్కడ స్టేషన్లల్ల గేట్లే ఉండయంట, టికెట్ లేకున్నా నడుస్తదని మా సీనియర్ అంటున్నడు, నిజమేనా? ఏ, బీ, సీ జోన్లు అంటే కూడా సమజైతలేదు. (మిర్యాలగూడ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: తమ్మీ, గేట్లు లేవన్నది నిజమే. హైదరాబాద్ మెట్రోల కార్డు పెడ్తే గేటు తెరుచుకుంటది కదా, అక్కడ యూ-బాన్‌కు (ఊర్ల తిరిగే మెట్రో) గాని ఎస్-బాన్‌కు (ఊరిని, శివార్లను కలిపే లోకల్ రైలు) గాని అట్లాంటిదేం లేదు, సీదా ప్లాట్‌ఫాం మీదికి పోయి ఎక్కుడే. కని మీ సీనియర్ మాట మాత్రం పట్టుకోకు. చెకింగోళ్లు చానాసార్లు మామూలు బట్టలల్లనే ఉంటరు, మన పక్కనే నిలబడి తలుపులు మూసుకోంగనే కార్డు చూపెట్టి టికెట్ అడుగుతరు, లేకుంటే 60 యూరోలు ఫైన్, మళ్లమళ్ల దొరికితే కేసు దాక పోతది, ఎందుకంటే అక్కడి చట్టంల టికెట్ లేకుండ పోవుడు నేరం కిందికే వస్తది. వీసా మీదున్న పిల్లగానికి ఆ కేసు ఎందుకు చెప్పు. ఇంకోటి, మెషిన్ల కొన్న కాగితం టికెట్‌ను రైలెక్కకముందే ప్లాట్‌ఫాం మీదున్న చిన్న డబ్బాల పెట్టి స్టాంప్ కొట్టుకోవాలె. స్టాంప్ లేదంటే పైసలు పెట్టి కొన్నా కొననట్టే లెక్క, కొత్తగ పోయినోళ్లు దీనికే దొరికిపోతరు.

జోన్లంటవా, టికెట్ ఎక్కడి దాక చెల్లుతదో చెప్పే హద్దులు, ఉల్లిగడ్డ కోస్తే కనపడే పొరల లెక్క అనుకో. నడిమిది ఏ. దాని చుట్టు రింగు రైలు తిరుగుతది, ఎస్41 గడియారం ముళ్లు తిరిగే దిక్కు, ఎస్42 దానికి ఉల్టా, మొత్తం 37 కిలోమీటర్లు, ఓ గంటల ఒక చుట్టు అయిపోతది. రింగు బయట ఊరి పొలిమేర దాక బీ, పొలిమేర దాటితే సీ. నువ్వు దిగే ఎయిర్‌పోర్ట్, 2020ల తెరిచిన కొత్తది, సీ జోన్ల ఉన్నది, కాబట్టి మొదటి రోజు ఏబీసీ టికెట్టే కొనాలె, ఏబీ చాలదు. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ అని ఫాస్ట్ రైలు ఉంటది, దానికి ఎక్కువ రేటేమో అని భయపడకు, అదే టికెట్ మీద పోవచ్చు. ఒక టికెట్ రెండు గంటలు పనిచేస్తది, రైలు దిగి ట్రామ్, ట్రామ్ దిగి బస్సు ఎన్నిసార్లన్నా మారొచ్చు కని ఒక్క దిక్కుకే, అదే టికెట్ మీద వాపస్ రావద్దు.

ఉండనీకి పోతున్నవ్ కాబట్టి ఈ విడి టికెట్ల లెక్కలు నీకు ఎన్నో దినాలు అక్కర్లేదు. ముందుగాల మీ యూనివర్సిటీని సెమిస్టర్ టికెట్ ఉన్నదా అని అడుగు, ఉంటే ఫీజులనే కలిసి ఉంటది, వేరే పాస్ కొనకు. లేకుంటే డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకో. 2023 మేల 49 యూరోలతోని మొదలైంది, 2026 జనవరి నుంచి నెలకు 63. దేశం మొత్తం లోకల్ రైళ్లు, బస్సులు, ట్రామ్‌లు అన్నిట్ల చెల్లుతది, స్పీడ్ రైళ్లల్ల మాత్రం చెల్లదు. అది నెలనెలా దానంతటదే కొనసాగే చందా, బంద్ చేయాలంటే ఆ నెల 10వ తారీఖు లోపల చెప్పాలె, లేకుంటే వచ్చే నెల పైసలు గూడ కట్ అయితయి.

ప్రశ్న: చెల్లె, మా బిడ్డ బెర్లిన్‌ల చదువుకుంట సాయంత్రం పనికి పోతది, ఇంటికొచ్చేసరికి రాత్రి బాగా లేటైతున్నది. ఆ టైంల బండ్లు ఉంటయా? మన దగ్గరి లెక్క ఆడోళ్లకు ఫ్రీ ఉన్నదా? (మహబూబ్‌నగర్ నుంచి ఒక తండ్రి)

జవాబు: అన్నా, మన మహాలక్ష్మి లాంటిది అక్కడ లేదు. ఆరేండ్ల లోపు పిల్లలకు ఫ్రీ, బెర్లిన్ బడి పిల్లలకు 2019 నుంచి ఫ్రీ, మిగిలినోళ్లు కొనుడే. బండ్ల ఫికర్ మాత్రం పెట్టుకోకండి. శుక్ర, శనివారాలు రాత్రంతా యూ-బాన్ నడుస్తది, మిగిలిన రోజులల్ల అర్ధరాత్రి దాటి ఓ గంటకు ఆగి తెల్లారగట్ల మొదలైతది, ఆ నడుమ ఎన్ అక్షరంతోని నంబరున్న నైట్ బస్సులు అదే దారుల తిరుగుతయి. బిడ్డను ఖాళీ డబ్బాల ఒక్కతే కూసోవద్దని, డ్రైవర్ దగ్గరున్న మొదటి డబ్బా ఎక్కమని చెప్పండి. ప్లాట్‌ఫాంల మీద ఎమర్జెన్సీ స్తంభాలు ఉంటయి, బటన్ నొక్కితే కంట్రోల్ రూంతోని మాట్లాడొచ్చు. పోలీస్ నంబర్ 110. ఇవి పోయిన మొదటి వారంలనే తెలుసుకొని ఉండాలె.

ప్రశ్న: అక్కా, నేను రోజూ సైకిల్ తొక్కేటోన్ని, బెర్లిన్‌ల దిగంగనే సైకిల్ కొంటే పాస్ పైసలు మిగుల్తయి కదా? (దేవరకొండ)

జవాబు: మిగుల్తయి తమ్మీ, ఊరు సదునుగ ఉంటది, గుట్టలేం లేవు, సైకిల్ దారులు వేరేగ ఉంటయి. నాకు బెర్లిన్‌ల అన్నిటికంటే నచ్చింది సైకిల్ మీద తిరుగుడే. అయినా గట్టిగ చెప్తున్న, మొదటి నెల కొనకు. అక్కడ బండ్లు కుడి దిక్కు పోతయి. మనకు చిన్నప్పటి నుంచి ఎడమ దిక్కు అలవాటు, మలుపు కాడ తల ముందు తప్పు దిక్కుకే తిరుగుతది. కొన్నాళ్లు రైల్ల, బస్సుల తిరిగి, రోడ్డు దాటుకుంట చూస్కుంట ఉంటే కన్ను అలవాటైతది. తర్వాత ఆదివారం పొద్దుగాల మొదలుపెట్టు, ఆ రోజు దుకాణాలు బంద్ ఉంటయి, రోడ్ల మీద రద్దీ తక్కువ. టెంపెల్‌హోఫ్ అని 2008ల మూసేసిన పాత ఎయిర్‌పోర్ట్ ఉన్నది, 2010ల పార్క్ చేసిండ్రు, విమానాలు దిగిన రన్‌వే మీద జనం సైకిళ్లు తొక్కుతరు, కార్లు రావు, చేయి సాఫ్ చేసుకోనీకి అంత మంచి జాగ ఇంకోటి లేదు.

కొనేటప్పుడు సెకండ్ హ్యాండ్‌ది తీసుకో, కని మరీ అగ్గువకు అమ్ముతుంటే దొంగ సైకిలేమో అని అనుమానపడు, ఫ్రేం నంబర్ రాసిన రసీదు అడిగి తీసుకో. ముంగట తెల్ల లైటు, ఎనక ఎర్ర లైటు, బెల్లు తప్పనిసరి. తాళం బరువుది కొను, కదలని స్తంభానికి ఫ్రేంను కట్టు, చక్రాన్ని ఒక్కదాన్నే కడ్తే చక్రం మిగుల్తది, సైకిల్ పోతది.

పైలంగ ఉండాల్సింది ట్రామ్ పట్టాల కాడ. పశ్చిమ బెర్లిన్‌ల 1967లనే ట్రామ్‌లు తీసేసిండ్రు, తూర్పు దిక్కు ఉంచిండ్రు, అందుకే ఇప్పటికీ పట్టాలు ఎక్కువ తూర్పు దిక్కే ఉంటయి. పట్టా సందుల టైరు ఇరికిందంటే పడుడే, వానల ఇంక జారుతది, కాబట్టి అడ్డంగ నేరుగ దాటు, పక్కపొంటి ఒరుసుకుంట పోకు. ఎర్ర లైటు దాటితే సైకిల్ కదా అని వదలరు, 60 యూరోలు, ఒక సెకను దాటినంకైతే 100. ఫోన్ చేతిల పట్టుకొని తొక్కితే 55. మన ఊర్ల లెక్క క్యారియర్ మీద దోస్తును ఎక్కించుకునుడు అక్కడ చెల్లదు. బోర్డులేం లేని చిన్న గల్లీల మూల మీద నీ కుడి దిక్కు నుంచి వచ్చేటోడు ముందు పోతడు, ఈ ఒక్క రూల్ నిద్రల లేపి అడిగినా చెప్పాలె. కుడికి మలిగే లారీ పక్కన మాత్రం ఎప్పుడు నిలబడకు, గ్రీన్ నీదే అయినా సరే. డ్రైవర్‌కు నువ్వు కనపడవు, పానాలు పోయేది అక్కడనే.

ప్రశ్న: సైకిల్‌ను రైల్ల తీసుకపోవచ్చా? (జడ్చర్ల)

జవాబు: యూ-బాన్, ఎస్-బాన్, ట్రామ్‌లల్ల పోవచ్చు, సైకిల్ బొమ్మ ఉన్న తలుపు కాడ ఎక్కాలె. సైకిల్‌కు వేరే టికెట్ కొనాలె, నీ పాస్ దానికి చెల్లదు. మడిచే సైకిల్ మడిచిపెడ్తే ఫ్రీ. పిల్లల బండో వీల్‌చైరో వస్తే జాగ వాళ్లదే, నువ్వు దిగి తర్వాతి రైలు చూస్కోవాలె.